తోడుపెట్టిన క్రీము

ఆ రోజుల్లో అనగానే నా లంగా ఓణీల రోజులు అనుకునేరు, కాదు. అప్పటికి నాకు యాభై ఏడేళ్ళు. మరి చిన్నతనపు ముచ్చట అని ఎందుకు చెబుతున్నానంటే, నాకు అక్షరాలు వచ్చి అప్పటికి మూడేళ్ళే అయింది. యాభై నాలుగో ఏట పలక పట్టుకున్న మనిషికి వయసు అక్కడి నుంచే లెక్కపెట్టాలని నా వాదన. ఆ లెక్కన నేనప్పుడు మూడేళ్ళ పిల్లని. మూడేళ్ళ పిల్ల ఎలాంటిదో మీకు తెలుసు. వద్దన్నది ముట్టుకుంటుంది, ముట్టుకున్నది పాడుచేస్తుంది, పాడుచేశాక తలుపు చాటున నిలబడుతుంది. నేనూ అంతే. బస్సుల మీద ఊళ్ళ పేర్లు, కొట్ల మీద బోర్డులు, ఉప్పు పొట్లం మీద అచ్చువేసింది, కంటికి కనపడిందల్లా గట్టిగా పైకి చదివేదాన్ని. (ఒకసారి చావింటి ముందు కట్టిన ఫ్లెక్సీ కూడా అలాగే చదివి, పోయినాయన అల్లుడి చేత చీవాట్లు తిన్నాను.) చదవడం వచ్చింది గానీ, చదివిన మాట వినడం రాలేదు. ఆ రెండింటికీ తేడా నాకు తెలిసిరావడానికి ఒక మంచి మనిషి మొహం కాలాల్సి వచ్చింది.

ఆ మొహం మా పాస్టరమ్మగారిది. నాకు అక్షరాలు నేర్పిందే ఆవిడ. మా ఊరు నరసాపురానికి ఆటో దూరం. మంగళవారం సాయంత్రం స్త్రీల కూటం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, నన్ను గుడి వరండాలో కూర్చోబెట్టి, నాట్లు వేసీ వేసీ మొద్దుబారిన నా వేళ్ళని తన చేత్తో పట్టుకుని దిద్దించేది. "అక్కా, అది పెన్సిలు, కొడవలి కాదు. మెల్లగా పట్టుకో" అనేది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. అయినా నాకు అమ్మగారే. ఇద్దరికీ ఉన్న పోలిక ఒక్కటే, బుగ్గల మీద నల్లగా మంగు. నాకు చేలల్లో ఎండ వల్ల వచ్చింది, ఆవిడకి గొడుగు మర్చిపోయి ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనలు చేయడం వల్ల వచ్చింది. ఆవిడ దాన్ని ఏనాడూ పట్టించుకున్నట్టు కనపడలేదు గానీ, ఫొటో తీస్తామంటే మాత్రం కొంచెం పక్కకి తిరిగేది. నేను చూశాను.

ఇక మా మనవరాలు. మా అబ్బాయి కూతురు. రాజమండ్రిలో బి.ఫార్మసీ చదివేది. ఇంట్లో అందరం దాన్ని మందులపిల్ల అనేవాళ్ళం. సెలవులకి వచ్చినప్పుడు ఒక సంచీడు సీసాలు, పొట్లాలు, ఉంగరం తూచేంత చిన్న కాటా పట్టుకొచ్చింది. "మామ్మా, నీ మంగుకి నేనే క్రీము చేస్తాను. బజారువి రాయకు, వాటిలో ఏం కలుపుతారో ఎవరికీ తెలీదు" అంది. (తర్వాత జరిగింది తలుచుకుంటే, ఆ మాట అన్నందుకు అది ఇప్పటికీ నాలుక కరుచుకుంటుంది.) పొట్లాల మీద పేర్లు చదవబోయాను. నయాసినమైడు అన్న ఒక్క పేరు దగ్గరే నాకు ఒక కాఫీ చల్లారిపోయింది.

శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. "రెండొందల గ్రాములు చేద్దాం" అంది. గుడి విందులకి గుండిగలతో వండిన చెయ్యి నాది. "రెండొందలేంటే, గిన్నెకి అంటుకోడానికే సరిపోదు" అన్నాను. "ఇది పలావు కాదు మామ్మా" అంది. వేడినీళ్ళలో రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో నూనె, తెల్లగా పెళుసుగా ఉండే మైనం. రెండోదాంట్లో కాచిన నీళ్ళు, గ్లిజరిను, ఆ కాఫీ చల్లార్చిన పొడి. రెండూ కలిపి కవ్వంలాంటి మిషనుతో చిలికితే పాలలా తెల్లగా వచ్చింది. పాడవకుండా ఒక మందు వేసింది. ఆఖర్న ఒక చిన్న సీసా తీసి, చేతులకి తొడుగులు వేసుకుని, చుక్క చుక్కగా వేసి, పులుపెంతో చెప్పే ఒక రంగు కాగితం ముంచి చూసింది.

"ఇదేంటే?"

"లాక్టిక్ ఆసిడ్. పెరుగులో ఉండే పులుపే మామ్మా. నాలుగు చుక్కలు చాలు."

అంతే, నాశనం ఆ మాట దగ్గరే మొదలైంది. అది ఇంకేదైనా పేరు చెప్పి ఉంటే నేను భయపడి దూరంగా ఉండేదాన్ని. పెరుగు అంది. పెరుగు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. గిన్నె మీద పల్చటి గుడ్డ కప్పి, "చల్లారేదాకా ముట్టుకోవద్దు" అని నాకోసం పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం రాసి అంటించి, క్వయిర్ ప్రాక్టీసుకి గుడికి వెళ్ళిపోయింది. నేను ఆ కాగితం గట్టిగా రెండుసార్లు చదివాను. చదివి, నా చదువుకి నేనే మురిసిపోయి, గుడ్డ ఎత్తి చూశాను.

పాలలా జారుగా ఉంది. చెంచాతో తీస్తే కారిపోతోంది. నా మనసుకి వెంటనే తట్టింది: ఇది తోడుకోలేదు! తోడుకోదు మరి, అన్ని పాలకి నాలుగు చుక్కల తోడు ఎవరైనా వేస్తారా? పిల్లకి పుస్తకం తెలుసు గానీ చెయ్యి తెలీదు, పాపం రేపు పొద్దున్న లేచి గిన్నెలో నీళ్ళు చూసుకుని ఏడుస్తుంది అనుకున్నాను. గిన్నె పక్కన చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. తోడుపెట్టడానికి సరిగ్గా అదే అదను. సీసా తీసి రెండు చెంచాలు నిండుగా పోసి, కలియబెట్టి, మళ్ళీ గుడ్డ కప్పేశాను. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని, తడబాటేమీ లేదు. తెల్లారి చూద్దును కదా, గడ్డపెరుగులా బిగిసి కూర్చుంది! నా గర్వం చెప్పలేను. (చల్లారితే మైనం తనంతట తానే బిగుస్తుందని నాకెవరు చెప్పాలి? చెప్పే కాగితం గిన్నె మీదే ఉందనుకోండి, అది వేరే సంగతి.)

మా వాళ్ళలో ఒక అలవాటుంది. ఏది కొత్తగా వచ్చినా మొదటిది దేవుడిది. మొదటి పనసకాయ, కొత్త కోడిపెట్ట పెట్టిన మొదటి గుడ్డు, కొత్తావకాయలో మొదటి గిన్నె, అన్నీ ప్రథమ ఫలం అని పాస్టరుగారింటికి వెళ్ళాల్సిందే. మనం నాలుక మీద కూడా వేసుకోకూడదు. ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే ముందుగా తెలిసేది పాస్టరుగారికే. ఆదివారం పొద్దున్న పిల్ల స్నానానికి వెళ్ళగానే, మూతడబ్బా ఒకటి కడిగి తుడిచి, పైపైన గడ్డగా ఉన్నది తీసి నింపి, గుడి గంట కొట్టకముందే తీసుకెళ్ళి అమ్మగారి చేతిలో పెట్టాను. "మంగుకండి. మేమే చేశాం. మొదటిది మీదే" అన్నాను. ఆవిడ మూత తీసి వాసన చూసి, చిన్నపిల్లలా నవ్వి, "నాకెందుకక్కా ఇవన్నీ" అంటూనే సంచిలో దాచుకుంది. నా మంగుకి నేను రాసుకోలేదు. మొదటిది ఆవిడ రాసుకోవాలి కదా.

ఆరాధన అయ్యి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. వంకాయ కూర కలుపుతున్నాను. పిల్ల డబ్బాల్లో నింపుదామని గిన్నె ముందేసుకుంది. "మామ్మా, ఈ సీసా సగమైందేంటి?" అని లోపల్నించి అడిగింది. నేను గర్వంగానే చెప్పాను. "నీది తోడుకోలేదే. నేను సర్దాను" అన్నాను.  తర్వాత అది రంగు కాగితం పట్టుకుని బయటికొచ్చింది. కాగితం ఎర్రగా ఉంది, పిల్ల తెల్లగా ఉంది.

"నువ్వు రాసుకున్నావా?"

"లేదే."

"హమ్మయ్య. ఇంకెవరూ ముట్టుకోలేదుగా?"

ముద్ద నా నోటి దగ్గర ఆగిపోయింది. నా మొహం చూసి దానికి అర్థమైపోయింది. "ప్రథమ ఫలం..." అన్నాను. "మామ్మా! అది మొహానికి రాస్తే తోలు ఊడొస్తుంది! కళ్ళలో పడితే?" అని అరిచింది. ఆ తర్వాత అది ఏమందో నాకు వినపడలేదు.  ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాను.

ఫోను చేస్తే పాస్టరుగారు ఎత్తారు. అమ్మగారు గుడి దగ్గర్నుంచే బయల్దేరి గోదావరి అవతల వాళ్ళ అక్కగారింటికి వెళ్ళారట. రేపు వాళ్ళ కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థన. "ఫోను ఇక్కడే మర్చిపోయారమ్మా. మీరేదో క్రీము ఇచ్చారటగా, రేపు ఫొటోల్లో మంగు కనపడదని సంబరపడుతూ వెళ్ళారు" అన్నారు. ఆ సంబరం అన్న మాట నా గుండెలో దిగబడింది. అక్కగారి ఫోను నంబరు అడిగితే ఆయన పాత నంబరు ఇచ్చారు, అది పనిచేయడంలేదు. ఇక మనుషులం వెళ్ళడమే. చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తులేదు. ఆటోలో వెళుతుంటే నా వేళ్ళకి వంకాయ కూర వాసన వచ్చింది కాబట్టి కడుక్కోలేదనే అనుకోవాలి.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు అప్పుడే కదిలి వెళ్ళిపోయింది. రెండోది వచ్చేదాకా నిలబడ్డాం. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. నాకు ఎటు చూసినా అమ్మగారి మొహమే, అందులోనూ తోలు లేని మొహం. పంటు ఎక్కాక మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా, ఆ డబ్బా కిందపడి పగిలిపోనియ్యి" అన్నాను. అది ప్లాస్టిక్ డబ్బా అని గుర్తొచ్చింది. "పోనీ ఆవిడకి మొహం కడుక్కునే తీరిక లేకుండా చెయ్యి" అన్నాను. చుట్టాలింటికి వెళ్ళిన మనిషి దిగగానే చేసే పని మొహం కడుక్కోవడమే అని గుర్తొచ్చింది. అప్పుడిక ఏమడగాలో తెలియక, "నా మొహం తీసుకో" అన్నాను. పైకే అన్నట్టున్నాను, పక్కనున్న రొయ్యల బుట్టాయన నా మొహం ఒకసారి చూసి, అవతలి వైపుకి జరిగాడు.

"మామ్మా, ఊరికే ఏడవకు. ఎంతసేపు ఉంచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వెంటనే కడిగేస్తే ఏం కాదు" అంది పిల్ల. ధైర్యం చెబుతోంది గానీ దాని చెయ్యి నా చేతికన్నా చల్లగా ఉంది. "మా కాలేజీలో తెలిస్తే నన్ను ఉంచరు" అని తనలో తను గొణుక్కుంది. అంటే ఒకరి మొహమే కాదు, ఒకరి చదువు కూడా నేనే తోడుపెట్టానన్నమాట.

సఖినేటిపల్లిలో దిగి, ఇంకో ఆటో ఎక్కి, రాజోలు వైపు ఆ ఊరు చేరేసరికి నాలుగు దాటింది. కొత్త ఇల్లు, గుమ్మానికి కొబ్బరాకుల పందిరి. నేను చెప్పులతోనే లోపలికి పోయాను. నడిమింట్లో మంచం మీద అమ్మగారు కూర్చుంది. తడి తువ్వాలు మొహాన అద్దుకుంటోంది. పక్కన వాళ్ళ అక్కగారు, కడిగిన మొహంతో, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, ఎడమ చేతిలో నా డబ్బా, కుడి చేతి వేలి చివర ఇంత క్రీము! ఆ వేలు బుగ్గ దాకా వచ్చింది.

"ఆగండీ!" అని నేను వేసిన కేకకి పెరట్లో కోళ్ళు ఎగిరాయి. ఒక్క గెంతులో వెళ్ళి ఆవిడ చేతిలో డబ్బా లాక్కున్నాను. డబ్బా చాలదన్నట్టు వేలు కూడా పట్టుకుని నా చీర కొంగుతో తుడిచేశాను.

"ఎవరమ్మా నువ్వు? ఏంటీ దౌర్జన్యం?" అంది అక్కగారు. "మా చెల్లికిస్తావు గానీ నేను ఒక్క వేలు రాసుకుంటే నొప్పొచ్చిందా నీకు?"

"రాయకండి. అది నేను పాడుచేశాను. ఆసిడ్ ఎక్కువ పోశాను. అమ్మగారండి, మీరు..." అని ఆవిడ వైపు తిరిగాను.

అమ్మగారు తువ్వాలు దించింది. బుగ్గలు రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. ముక్కు మీద, గడ్డం మీద కూడా ఎరుపు. కళ్ళ జోలికి మాత్రం పోలేదు. "మండుతోంది అక్కా" అంది నెమ్మదిగా. "మండితే మందు పనిచేస్తోందనుకున్నాను. అందుకని రెండోసారి కూడా రాశాను." మా వైపు అదో నమ్మకం. గొంతు మండని కషాయం కషాయమే కాదు, చురుక్కుమనని లేపనం లేపనమే కాదు. పోనీ మొదటిసారి మండగానే కడిగేసిందా అంటే, నేనిచ్చింది కదా, కడిగేస్తే వృథా అయిపోతుందని ఉంచుకుందట!

పిల్ల అప్పటికే ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి, నెమ్మదిగా చల్లటి నీళ్ళు పోస్తూ పావుగంట కడిగించింది. ఏమీ రాయనివ్వలేదు. అక్కగారు పసుపు తెస్తానంటే వద్దంది, నేను కొబ్బరినూనె అంటే నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి నేను వెళ్ళి గుమ్మం అవతల నిలబడ్డాను. మూడేళ్ళ పిల్ల నిలబడే చోటే. అక్కడ నిలబడి ఏడుస్తుంటే అమ్మగారే బయటికి వచ్చి, "పద అక్కా, టీ తాగు" అంది. మొహం అంతలా మండుతున్న మనిషి నాకు టీ ఇస్తుంటే, ఆ గ్లాసు పట్టుకోవడం కన్నా రెండు దెబ్బలు తినడం నయం అనిపించింది.

ఆ రాత్రి మేమూ అక్కడే ఉండిపోయాం. మర్నాడు ప్రతిష్ఠ ప్రార్థనలో ఆవిడ ఆ మొహంతోనే కూర్చుంది. ఫొటోలకి ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకటే ఎరుపు కాబట్టి, ఈసారి తిన్నగానే నిలబడింది. ఎవరడిగినా "ఏదో పడలేదండి" అంది. నేను ఎక్కడ చెయ్యి పెడితే ఏం కాలుతుందోనని వంట వైపు కూడా పోకుండా మూల కూర్చున్నాను.

మంగళవారం నరసాపురంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నేను డబ్బా కూడా పట్టుకెళ్ళాను, నేరం చేసినవాడు కత్తి పట్టుకెళ్ళినట్టు. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, "పైపొర కాలింది. మచ్చ పడుతుందో లేదో పది రోజులు పోతేగానీ చెప్పలేను. ఎండలోకి వెళ్ళకండి. ఎవరు చేశారీ దిక్కుమాలిన పని? ఏ బ్యూటీ పార్లరు?" అని గట్టిగా అడిగింది. పిల్ల తల దించేసుకుంది. నేను నోరు తెరిచేలోపే అమ్మగారు, "పార్లరు కాదండి. మా ఇంట్లో చేసుకున్నాం" అంది.

అబద్ధం ఆడని మనిషి. ఆ మాట అబద్ధమా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. మా ఇల్లు ఆవిడ ఇల్లు కాదు. మా కులం పేరు చెప్పి మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి కూడా కొందరు వెనకాడే రోజులు నాకు గుర్తున్నాయి. అయినా ఊరుకోలేక, "నేనే చేశానండి, తోడుపెట్టాను" అని డాక్టరమ్మకి మొత్తం చెప్పేశాను. ఆవిడ కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, కాసేపు గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదిలాయి. నాకు చీవాట్లు పెట్టడానికి ఇటు తిరిగినప్పుడు కూడా నోరు సరిగ్గా బిగపట్టలేకపోయింది.

ఆ వారం రోజులూ నేను పడ్డ భయం పగవాళ్ళకి వద్దు. రోజూ పొద్దున్నే మజ్జిగ తీసుకుని వెళ్ళేదాన్ని. గుమ్మంలోనే నిలబడి, మొహం వైపు చూడకుండా కాళ్ళ వైపు చూసి, "ఎలా ఉందండి" అనేదాన్ని. నాలుగో రోజు నుంచి ఉల్లిపొరలా ఊడటం మొదలైంది. ఎనిమిదో రోజు మజ్జిగ చెంబు పుచ్చుకుంటూ ఆవిడే నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "చూడు. ఇకనైనా చూడు" అంది. చూశాను. మచ్చ లేదు. లోపల్నుంచి లేత చర్మం, పసిపిల్ల బుగ్గలా. మంగు కూడా సగానికి సగం వెలిసింది. నేను అక్కడే గడప మీద కూలబడి, ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేశాను. పాస్టరుగారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

నా కష్టాలు తీరాయనుకున్నాను. రెండో ఆదివారం అమ్మగారు గుడికి వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఒక్కరూ వాక్యం వినలేదు, అందరూ ఆ మొహమే చూశారు. ఆరాధన అవగానే నన్ను చుట్టేశారు. "వదినా, అమ్మగారికేదో ఇచ్చావంట!" "పిన్నీ, మా అమ్మాయికి ఒక్క డబ్బా!" "ఆవిడకైతే ఇస్తావు, మేము కనపడమేంటి?" అని ఒకటే గోల. అమ్మగారు మధ్యలోకి వచ్చి, "అది మందు కాదమ్మా, నా మొహం కాలింది. తోలు ఊడిపోయింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక్కరు నమ్మితే ఒట్టు. "అమ్మగారు భలే సరదాగా మాట్లాడతారు" అన్నారు. "అందరికీ ఇవ్వద్దని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు" అన్నారు. ఒకావిడైతే సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి నా చేతిలో కుక్కబోయింది. ఇరవై మొహాలు నా చుట్టూ, ఇరవై మొహాలూ నన్నే అడుగుతున్నాయి కాల్చమని. ఆ పంటు మీద కూడా నేను అంత భయపడలేదు.

ఆ రోజు నేను చెప్పులు చేత్తో పట్టుకుని, పాస్టరుగారి అంగీలు తగిలించే గదిలోంచి దూరి, వెనక తలుపు తీసి, చేలగట్టు మీద పడి పరిగెత్తాను. వెనకాల "వదినోయ్!" అన్న కేకలు. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, బోదె కాలవ ఒక్క గెంతులో దాటి, మా ఇంటి పెరడు చేరేదాకా ఆగలేదు. ఇప్పుడు గుడి మెట్లు మూడు ఎక్కడానికి మనవరాలి భుజం పట్టుకుంటున్నాను. కూర్చున్న చోటి నుంచి ఆ చేలగట్టు వైపు చూస్తే, దాని మీద పడి పరిగెడుతున్న ఆ యాభై ఏడేళ్ళ పిల్ల కనిపించి నవ్వొస్తుంది. భయమైతే భయం గానీ, అబ్బ, ఆ మోకాళ్ళు ఎంత మంచివండీ!